నోరు ఎవరిది, మైకు ఎవరిది?

సెన్సార్ అనగానే మన కళ్ళముందు కత్తెర కనబడుతుంది. ఎవడో ఒక ఆఫీసరు బల్ల ముందు కూచుని వార్తలో నాలుగు లైన్లు కొట్టేస్తాడు, సినిమాలో రెండు సీన్లు కోసేస్తాడు. మర్నాడు పెద్ద పత్రికల వాళ్ళు స్వేచ్ఛ పోయిందని గగ్గోలు పెడతారు. ఆ గగ్గోలు అవసరమే, కాదనం. కాని మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఆ కత్తెర కాగితం మీదికి రాకముందు ఎక్కడుంది? ఎవరి పీక మీద ఉంది? అప్పుడు ఈ గగ్గోలు ఎక్కడ పడుకుంది?

ఈ ప్రశ్నకు జవాబు ఒక బొమ్మల పుస్తకంలో ఉంది. పిల్లల పుస్తకమని పక్కన పడేసేది కాదు. పేరు 'వి ఫర్ వెండెట్టా'. వెండెట్టా అంటే పగ. కథ రాసింది అలన్ మూర్, బొమ్మలు గీసింది డేవిడ్ లాయిడ్. ఇద్దరూ ఇంగ్లండు వాళ్ళే. 1982 మార్చిలో 'వారియర్' అనే చిన్న పత్రికలో, నలుపు తెలుపు బొమ్మలతో మొదలైంది. 1985లో ఆ పత్రిక మూతబడి కథ మధ్యలో ఆగిపోయింది. తర్వాత అమెరికాలోని డీసీ కామిక్స్ అనే పెద్ద కంపెనీ రంగులద్ది, 1988-89లో పది సంచికలుగా పూర్తి చేయించింది. చిన్న పత్రిక కన్న బిడ్డను పెద్ద కంపెనీ పెంచుకుంది. ఆ పెంపకం సంగతి తర్వాత చెప్పుకుందాం.

ముందు ఈ మూర్ ఎవరో చూద్దాం. 1953లో నార్తాంప్టన్‌లో పుట్టాడు. బూట్లకు, తోలు పనికి పేరుమోసిన ఊరది. నాన్న బీరు ఫ్యాక్టరీ కార్మికుడు, అమ్మ ప్రింటింగ్ పని చేసిన మనిషి. బడి నుంచి గెంటేశాక ఈ కుర్రాడు ఏ పనులు చేశాడో తెలుసా? కక్కసులు కడిగాడు. తోళ్ళు ఊనే ఫ్యాక్టరీలో చాకిరీ చేశాడు. మన దేశంలో ఆ రెండు పనులూ పుట్టుకతోనే నెత్తిన రుద్దుతారు. అక్కడ అట్లా రుద్దరు. ఆ పని వదిలి కలం పట్టుకున్న రోజున నీ కులమేంటని మూర్‌ని ఎవడూ అడగలేదు. ఇది చిన్న తేడా కాదు. అయినా లంద వాసన తెలిసిన మనిషి రాజ్యం గురించి రాస్తే, ఆ రాజ్యాన్ని కింద నుంచి చూస్తాడు. ఈ పుస్తకానికి ఆ చూపు ఉంది.

కథ 1997 నవంబరు 5న లండన్‌లో మొదలవుతుంది. రాసినప్పటికి అది రాబోయే కాలం. అంతకు కొన్నేళ్ళ ముందు అణుయుద్ధం జరిగింది. బ్రిటన్ మీద బాంబు పడలేదు గాని వాతావరణం చెడింది, వరదలొచ్చాయి, పంటలు పోయాయి, ఆకలి వచ్చింది. ఆకలి వచ్చిన చోటికి 'నేను బాగు చేస్తా'నంటూ ఒకడు రావడం మామూలే. మిగిలిన పెద్ద కంపెనీలు, నల్లజాతి వాళ్ళంటే పడని ఫాసిస్టు మూకలు ఒకటై నార్స్‌ఫైర్ అనే పార్టీ పెట్టి 1992లో గద్దెనెక్కాయి. ఎక్కగానే చేసిన మొదటి పని ఏంటి? పత్రికాఫీసులకు తాళాలు వేయడమా? కాదు. నల్లవాళ్ళను పట్టుకుపోయారు. పాకిస్తానీలను పట్టుకుపోయారు. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళను, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళను పట్టుకుపోయారు. ఎర్రజెండా పట్టినవాళ్ళను పట్టుకుపోయారు. లార్క్‌హిల్ అనే చోట క్యాంపు పెట్టి, మందుల ప్రయోగాలకు మనుషుల్ని వాడారు. గుంటలు తవ్వి పూడ్చారు.

అప్పుడు మాట్లాడే నోళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నాయి. మాట్లాడలేదు. పోయింది తమ ఇంటి మనిషి కాదు గదా!

ఈ రాజ్యాన్ని మూర్ ఒక శరీరంలాగా గీశాడు. తల ఉంది, అంటే నాయకుడు, ఆడమ్ సుసాన్. కన్ను అంటే వీధివీధిన కెమెరా. చెవి అంటే దొంగచాటుగా వినే శాఖ. ముక్కు అంటే డిటెక్టివు శాఖ. వేలు అంటే పోలీసు. ఇక నోరు అంటే రేడియో, టీవీ. ఈ శరీరంలో గుండె మాత్రం లేదు, మనిషి కష్టం చూసి ఆగే అవయవం ఒక్కటీ లేదు.

నోటి సంగతే మనకు కావాలి. రోజూ రేడియోలో ఒకే గొంతు వస్తుంది. దాని పేరు 'విధి గొంతు'. విధి అనేది ఆ రాజ్యాన్ని నడిపే కంప్యూటరు. జనంలో చాలామంది ఆ యంత్రమే తమతో మాట్లాడుతోందని నమ్ముతారు. యంత్రం అబద్ధమాడదు గదా! నిజానికి ఆ గొంతు లూయిస్ ప్రొథెరో అనే మనిషిది. వాడు అంతకుముందు ఎక్కడ పనిచేశాడు? లార్క్‌హిల్ క్యాంపుకు వాడే పెద్ద. అదే క్యాంపులో ప్రార్థనలు చేయించిన పాదిరి తర్వాత బిషప్ అయ్యాడు. మనుషుల్ని గుంటలో పూడ్చిన చెయ్యి, రోజూ వార్తలు చదివే నోరు, ఆదివారం దీవించే చెయ్యి - ఒకే క్యాంపులో జీతం తీసుకున్నాయి. ఒక బొమ్మల పుస్తకం ఇంతకన్నా చెప్పాల్సింది ఏముంది? చంపినవాడే వార్త చదువుతుంటే ఇక కత్తెరతో పనేముంది?

ఈ రాజ్యం మీద తిరగబడేవాడి పేరు 'వి'. లార్క్‌హిల్‌లో ఐదో నంబరు గదిలో ఉండి, దాన్ని తగలబెట్టి బయటపడ్డ ఖైదీ. రోమన్ అంకెల్లో ఐదు అంటే వి. నవ్వుతున్న ముఖం తగిలించుకుంటాడు. అది గై ఫాక్స్ ముఖం. 1605లో పార్లమెంటును మందుగుండుతో పేల్చబోయి దొరికిపోయిన మనిషి. అప్పటి నుంచి ఇంగ్లండులో ఏటా నవంబరు 5న వాడి బొమ్మను తగలేసి పండగ చేస్తారు. మన దగ్గర దీపావళికి నరకాసురుణ్ణి తగలేసినట్టే. అసలు గై ఫాక్స్ కోరుకున్నది క్యాథలిక్ ప్రభుత్వమే గాని అందరి స్వేచ్ఛ కాదు. అది మర్చిపోనక్కర్లేదు. అయినా ఏటేటా తగలబడుతున్న బొమ్మకు ముఖం తిరిగి ఇచ్చి, ఈసారి నువ్వు మాట్లాడు అనడం మామూలు ఆలోచన కాదు. ఆ ఆలోచన చిత్రకారుడు లాయిడ్‌ది.

కథలో ఈవీ అని పదహారేళ్ళ పిల్ల ఉంది. వాళ్ళ నాన్న కుర్రతనంలో సోషలిస్టు సంఘంలో ఉన్నాడని ఎప్పుడో పట్టుకుపోయారు. అమ్మ అంతకుముందే పోయింది. ఫ్యాక్టరీ కూలి చాలక ఒళ్ళమ్ముకుందామని మొదటిసారి వీధిలోకి వచ్చి పోలీసులకు దొరికిపోతుంది. వి కాపాడి తన నేలమాళిగకు తీసుకుపోతాడు. అక్కడ నిషేధించిన పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి, పాటల పెట్టె ఉంది. ఆ పెట్టెలో నల్లవాళ్ళ పాట ఒకటి మోగుతుంది. ఈవీ ఆశ్చర్యపోతుంది. అలాంటి పాట ఒకటి ఉందనే ఆ పిల్లకు తెలీదు! అప్పుడు వి అంటాడు, కొన్ని సంస్కృతుల్ని మిగతావాటికన్నా బాగా తుడిచేశారని.

ఈ ఒక్క ఘట్టం కోసమైనా ఈ పుస్తకం చదవాలి. షేక్‌స్పియర్ పుస్తకం కాలిస్తే, కాల్చారని చెప్పుకోవడానికి వందమంది ఉంటారు. కూలివాడ పాట పోతే, పాడే మనిషితో పాటే పోతుంది. పోయిందన్న సంగతి కూడా పోతుంది. సెన్సార్‌లో అసలు పని అక్కడ జరుగుతుంది. కొట్టేసిన లైను కనబడుతుంది, తెల్ల కాగితంలా మిగిలిన జాగా కనబడుతుంది. ఎన్నడూ రాయనివ్వని లైను ఎవరికి కనబడుతుంది?

ఇదంతా కట్టుకథేలే అనుకునే వాళ్ళకు 1988 నాటి అసలు బ్రిటన్ సంగతి చెబుతాం. అప్పుడు ప్రధాని మార్గరెట్ థాచర్. అణుయుద్ధమేమీ జరగలేదు. ఆ ఏడాది మే నెలలో స్థానిక ప్రభుత్వాల చట్టంలో 28వ సెక్షన్ వచ్చింది. స్వలింగ ప్రేమను స్థానిక సంస్థలు 'ప్రోత్సహించరాదు' అన్నారు. ప్రోత్సహించడమంటే ఏంటో ఎవరికీ తెలీదు. తెలీదు గనకే అందరూ భయపడ్డారు. టీచర్లు నోరు మూసుకున్నారు, లైబ్రరీల్లో పుస్తకాలు బీరువా వెనక్కి పోయాయి. కత్తెర పట్టిన ఆఫీసరు ఎక్కడా లేడు. ఎవడి నోరు వాడే కుట్టుకున్నాడు. మూర్ ఊరుకోలేదు. తోటి బొమ్మల రచయితల్ని పోగేసి ఆ చట్టానికి వ్యతిరేకంగా ఆ ఏడాదే ఒక సంకలనం వేశాడు. ఆ సెక్షన్ స్కాట్లండులో 2000లో, ఇంగ్లండు, వేల్స్‌లలో 2003లో గాని పోలేదు.

అదే 1988, అక్టోబరు 19. హోంమంత్రి డగ్లస్ హర్డ్ ఇంకో ఉత్తర్వు ప్రకటించాడు. ఉత్తర ఐర్లండుకు చెందిన పదకొండు సంస్థల ప్రతినిధుల గొంతులు రేడియోలో, టీవీలో వినబడరాదు. అందులో షిన్ ఫేన్ పార్టీ ఒకటి. తుపాకులు పట్టిన వాళ్ళకు ప్రచారం దొరకొద్దనేది ప్రభుత్వం చెప్పిన కారణం. బాంబులు పేలుతున్న మాట నిజమే, మనుషులు చస్తున్న మాటా నిజమే. కాని ఆ పార్టీ నాయకుడు జెర్రీ ఆడమ్స్ అప్పటికి పశ్చిమ బెల్‌ఫాస్ట్ జనం ఓట్లేసి గెలిపించిన ఎంపీ. అప్పుడు టీవీ వాళ్ళు ఏం చేశారో తెలుసా? మనిషి ముఖం చూపించారు, పెదవులు కదలడం చూపించారు, గొంతు మాత్రం ఒక నటుడి చేత చెప్పించారు! ఆరేళ్ళు, 1994 సెప్టెంబరు దాకా ఈ నాటకం నడిచింది. మూర్ రాసిన 'విధి గొంతు'కు ప్రభుత్వం తిరగేసిన కాపీ తీసినట్టుంది. కథలో మనిషి గొంతు యంత్రం గొంతుగా చెలామణి అయింది. లండన్‌లో ఒకడి నోటికి ఇంకొకడి గొంతు తగిలించారు.

1988లో పుస్తకానికి రాసిన ముందుమాటలో మూర్ తన తప్పు ఒప్పుకున్నాడు. ఇంగ్లండు ఫాసిజంలోకి జారాలంటే అణుయుద్ధమంత పెద్ద ఉపద్రవం కావాలనుకోవడం తన అమాయకత్వమన్నాడు. మాకైతే ఈ ఒప్పుకోలు పుస్తకమంత విలువైనది. దేశం మొత్తానికి నిప్పంటుకునే దాకా ఆగనక్కర్లేదు. ఊరి చివర ఉన్నవాళ్ళని అడిగితే ముందే చెబుతారు, పొగ ఎప్పటి నుంచి వస్తోందో.

ఇక తిరుగుబాటు సంగతి. వి ఒకరోజు ఒంటినిండా బాంబులు కట్టుకుని టీవీ భవనంలో దూరి తెర మీదికి వస్తాడు. ఫ్యాక్టరీ మేనేజరు పనిమంతుణ్ణి పిలిచి చీవాట్లు పెట్టినట్టు దేశాన్నంతా కూచోబెట్టి కడుగుతాడు. మీ నెత్తినెక్కినవాళ్ళు దొంగలు, పిచ్చోళ్ళు, సరే. వాళ్ళను ఎక్కించింది ఎవరు? మీరే గదా అంటాడు. దిమ్మతిరిగే మాటే. కాని మాకు ఇక్కడ ఒక పేచీ ఉంది. లార్క్‌హిల్ గుంటలో ఉన్నవాళ్ళు ఎవరిని ఎక్కించారు? 'మనమందరం దోషులమే' అనే మాట వినడానికి బాగుంటుంది. అందరూ దోషులైతే అసలు దోషి హాయిగా గుంపులో కలిసిపోతాడు. తిట్టేటప్పుడైనా లెక్క సరిగా ఉండాలి.

దానికన్నా మాకు నచ్చింది తర్వాతి పని. ఏడాది తిరిగాక వి రాజ్యం కన్ను, చెవి, నోరు మూడింటినీ ఒకేసారి పేల్చేస్తాడు. మూడు రోజులు మిమ్మల్ని ఎవరూ చూడరు, వినరు, మీ ఇష్టం అని చాటిస్తాడు. అప్పుడు కళ్ళజోడు పెట్టుకున్న చిన్నపిల్ల ఒకతి వీధి కెమెరా ముందు నిలబడి ఒక బూతుమాట అంటుంది. ఎవరూ రారు. ఏమీ కాదు. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడాలి! నోరు తనదేనని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. పేలిన భవనాలకన్నా ఆ బూతుమాట పెద్దది.

వి చేసింది అంతా ఒప్పని మేం అనం. ఈవీని జైల్లో పెట్టి, గుండు గీయించి, హింసించిన 'పోలీసులు' ఎవరో కాదు, వి-యే. భయం పోగొట్టడానికే చేశానంటాడు. మీ మేలుకే కొట్టానన్న దొర మాటకూ దీనికీ ఏం తేడా? విముక్తి పేరు చెప్పి బలహీనురాలి ఒంటి మీద ప్రయోగం చేస్తే దాన్ని కూడా లార్క్‌హిల్ ఖాతాలోనే రాయాలి. ఒకడే వీరుడు, మిగతావాళ్ళంతా చూసే జనం అనే కథతో ఉన్న చిక్కు ఇదే.

ఆ వీరుడి ముఖం తర్వాత ఏమైందో చూడండి. 2006లో వార్నర్ బ్రదర్స్ వాళ్ళు సినిమా విడుదల చేశారు. మూర్ తన పేరు వేయొద్దన్నాడు. తెర మీద లాయిడ్ పేరు ఒక్కటే పడింది. పుస్తకం అచ్చు ఆగిపోతే హక్కులు రాసినవాళ్ళకు తిరిగి వస్తాయని ఒప్పందం. కంపెనీ అచ్చు ఆపలేదు, హక్కులు రాలేదు. పెంపకం అంటే ఇదన్నమాట! 2011లో న్యూయార్కులో డబ్బున్నవాళ్ళ దోపిడీ మీద యువకులు బైఠాయించినప్పుడు వందలమంది ఆ ముఖమే తగిలించుకున్నారు. ఆ బొమ్మ మీద హక్కు టైమ్ వార్నర్‌ది. కంపెనీ లైసెన్సుతో అమ్మిన ప్రతి మాస్కు మీదా వాళ్ళకు వాటా పోయింది. కంపెనీల మీద కోపంతో వీధికెక్కినవాడు ఒక పెద్ద కంపెనీకి కప్పం కట్టి మరీ ఎక్కాడు. 2013లో బహ్రెయిన్ ప్రభుత్వం ఆ మాస్కుల దిగుమతిని నిషేధించింది. ఒకచోట రాజ్యం భయపడింది, ఇంకోచోట కంపెనీ సొమ్ము చేసుకుంది. తిరుగుబాటు ముఖం మన చేతికి వస్తే సరిపోదు, దాని అచ్చు ఎవరి దగ్గరుందో కూడా చూసుకోవాలి.

అందుకే ఈ పుస్తకంలో అసలైన పత్రికా తిరుగుబాటు టీవీ భవనంలో జరగలేదని మా అభిప్రాయం. అది లార్క్‌హిల్ నాలుగో గదిలో జరిగింది.

ఆ గదిలో వాలెరీ అనే నటి ఉంది. ఒక ఆడమనిషిని ప్రేమించినందుకు పట్టుకొచ్చారు. చచ్చిపోతానని తెలుసు. కక్కసు దొడ్లో తుడుచుకునే కాగితం మీద, దాచిపెట్టిన పెన్సిల్ ముక్కతో తన బతుకు రాస్తుంది. ఎక్కడ పుట్టింది, ఏం చదివింది, ఎవరిని ప్రేమించింది, ఆ మనిషి ఎట్లా పోయింది. అంతే. నినాదం లేదు. చదివేవాడెవరో తెలీదు, ఎవరైనా సరే నిన్ను ప్రేమిస్తున్నానని రాసింది. ఆ కాగితం పక్క గదికి చేరింది. పక్క గది ఐదో నంబరు. ఆ ఖైదీ తర్వాత వి అయ్యాడు. ఏళ్ళ తర్వాత అదే కాగితం ఈవీ ఉన్న గదిలో ఎలుక కన్నంలోంచి బయటికి వచ్చింది. వి చచ్చిపోయాక ఆ ముఖం తగిలించుకున్నది ఈవీ. పార్లమెంటును పేల్చిన మందుగుండుకు నిప్పు ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అంటే, కక్కసు కాగితం మీది నాలుగు మాటల నుంచి.

కక్కసులు కడిగిన మనిషికి గాక ఇంకెవరికి తడుతుంది ఈ ఊహ?

ఆ కాగితం సంగతి మనకు కొత్త కాదు. 1920 జనవరి 31న బొంబాయిలో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టారు. నోరులేని వాళ్ళ నాయకుడని పేరు. దాని ప్రకటన వేయమని డబ్బు చేత్తో పట్టుకుని అడిగినా 'కేసరి' పత్రిక వేయలేదు. తెల్లదొర సెన్సార్ మీద పోరాడి పేరు తెచ్చుకున్న పత్రిక అది! దాన్ని వేయొద్దని ఏ దొరా ఉత్తర్వు ఇవ్వలేదు. నోరు మూయించడానికి ప్రభుత్వమే కావాల్సిన పనిలేదని, స్వేచ్ఛ కోసం కొట్లాడేవాడు కూడా ఆ పని చేయగలడని మనకు నూరేళ్ళ కిందే తెలుసు.

కాబట్టి పెద్ద పత్రిక మీద కత్తెర పడ్డప్పుడు మనం వాళ్ళతో నిలబడదాం. నిలబడే ముందు ఒక్క మాట అడుగుదాం: మా పాట పోయినప్పుడు మీరెక్కడున్నారు? అడిగి, జవాబు కోసం ఆగకుండా మన పని మనం చేసుకుందాం. ముఖం తగిలించుకున్న వీరుడు వస్తాడని చూడొద్దు. కాగితం ఏదైనా ఫర్వాలేదు, పెన్సిల్ ముక్క చాలు. ఎక్కడ పుట్టారో, ఏం పని చేశారో, ఎవరు మీ నోరు నొక్కారో రాయండి. రాయడం రాని అమ్మ చెబితే కూతురు రాయాలి.

ఇంకో మాట. ఈ సంచిక చదివాక మడిచి పెట్టెలో దాచుకోకండి. పక్క గదికి అందించండి.